ఇంట్లో లేజర్ పాయింటర్ తయారీ: డయోడ్, లెన్స్, హీట్ సింక్ ఎలా ఎంచుకోవాలి?

లేజర్ పాయింటర్‌ను సొంతంగా తయారు చేసుకోవాలనుకునేవారు విడిభాగాల దుకాణంలో మొదట అడిగే ప్రశ్న "ఎన్ని మిల్లీవాట్లు?" అన్నదే. నిజానికి దుకాణానికి వెళ్లకముందే ఆ ప్రశ్నకు జవాబు తేలిపోయి ఉండాలి. చేత్తో పట్టుకుని నలుగురి మధ్య వాడే పరికరం 5 మిల్లీవాట్లను ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడదు, గది లోపల వాడేదైతే 1 మిల్లీవాట్ దగ్గరే ఆగడం మంచిది. ఆ హద్దు గీసుకున్న తరువాత ఏ రంగు తీసుకోవాలి, లేజర్ వెలుగును పుట్టించే చిన్న భాగమైన డయోడ్‌ను విడిగా కొనాలా లేక తయారైన మాడ్యూల్ కొనాలా, ఏ లెన్స్ అమర్చాలి, వేడిని బయటికి పంపే లోహపు భాగం, అంటే హీట్ సింక్, ఎలా ఉండాలి అన్నవి మిగులుతాయి. వీటన్నిటిలో ఫలితాన్ని అత్యధికంగా మార్చేది రంగు. శక్తిని పెంచి సాధించాలనుకునే వెలుగును సరైన రంగుతో, ఎవరి కంటికీ ప్రమాదం పెంచకుండానే సాధించవచ్చు.

హద్దు ఎందుకో ముందు చెప్పుకోవాలి. ఐఈసీ 60825-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కంటికి కనిపించే వెలుగునిచ్చే లేజర్లలో 1 మిల్లీవాట్ వరకు ఉన్నవి 2వ తరగతికి, 5 మిల్లీవాట్ల వరకు ఉన్నవి 3ఆర్ తరగతికి, 500 మిల్లీవాట్ల వరకు ఉన్నవి 3బీ తరగతికి, అంతకు మించినవి 4వ తరగతికి చెందుతాయి. 2వ తరగతి వెలుగు పొరపాటున కంట్లో పడినా, పావు సెకనులో రెప్ప మూసుకోవడమో తల పక్కకు తిప్పుకోవడమో జరుగుతుంది కాబట్టి హాని కలగదన్న లెక్క మీద ఆ హద్దు ఏర్పడింది. 3బీ తరగతిలో రెప్పపాటు మనల్ని కాపాడలేదు. లేజర్ పుంజం దాదాపు సమాంతరంగా వస్తుంది కనుక కంటిలోని లెన్స్ దానినంతటినీ రెటీనా మీద అతి చిన్న చుక్కగా కేంద్రీకరిస్తుంది, అక్కడ జరిగిన నష్టం మళ్లీ బాగుపడదు. పాయింటర్లకు అమెరికాలో 5 మిల్లీవాట్ల పరిమితి ఉంది, బ్రిటన్‌లో సాధారణ ప్రజల వాడకానికి 1 మిల్లీవాట్ లోపు ఉన్నవే సిఫారసు చేస్తారు.

రంగు: ఇక్కడే అసలు తేడా

మన పగటి చూపు 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర, అత్యంత చురుకుగా ఉంటుంది. అక్కడి సున్నితత్వాన్ని 1 అనుకుంటే 532 నానోమీటర్ల వద్ద అది సుమారు 0.88, 520 వద్ద 0.71, 635 వద్ద 0.22, 650 వద్ద 0.11, 450 వద్ద 0.04 ఉంటుంది. 405 నానోమీటర్ల ఊదా రంగు దగ్గరికి వచ్చేసరికి అది 0.0006కు పడిపోతుంది. ఈ అంకెలను ల్యూమెన్లలోకి, అంటే కంటికి కనిపించే వెలుగు కొలతలోకి, మార్చి చూస్తే 5 మిల్లీవాట్ల 650 నానోమీటర్ల ఎరుపు సుమారు 0.37 ల్యూమెన్లు ఇస్తుంది, 1 మిల్లీవాట్ 520 నానోమీటర్ల ఆకుపచ్చ సుమారు 0.48 ల్యూమెన్లు ఇస్తుంది. ఐదో వంతు శక్తితో నడిచే ఆకుపచ్చ చుక్క ఎరుపు చుక్క కంటే ప్రకాశవంతంగా కనిపిస్తుందన్నమాట. మిల్లీవాట్లు పెంచుకోవాలన్న కోరిక ఎవరికైనా కలిగితే ముందు ఈ ఒక్క లెక్కను చూడమంటాను.

650 నానోమీటర్ల ఎరుపు డయోడ్లు అన్నిటికంటే చవక. ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డును నేర్చుకునేవారి కిట్లలో వచ్చే కేవై-008 అనే చిన్న మాడ్యూల్‌లో ఉండేది ఇదే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో కూడా సులభంగా దొరికేది ఇదే. మొదటిసారి టంకం పట్టి, లెన్స్ తిప్పి, చుక్కను సరిచేయడం నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి ఆరంభం లేదు. వెలుతురున్న తరగతి గదిలో మాత్రం దాని చుక్క వెలవెలబోతుంది. అదే ఎరుపులో 635 నానోమీటర్లది ఎంచుకుంటే, శక్తి పెరగకుండానే చుక్క రెట్టింపు ప్రకాశంతో కనిపిస్తుంది. ఎరుపే కావాలనుకునే వారు రెండింటికీ మధ్య ధర తేడాను సంకోచించకుండా భరించవచ్చు. అయితే ఉపాధ్యాయులు ఒక విషయం మనసులో ఉంచుకోవాలి. వర్ణాంధత్వంలో ఒక రకం ఉన్నవారికి ఎరుపు వెలుగు సహజంగానే చాలా మసకగా కనిపిస్తుంది, 650 నానోమీటర్ల చుక్క వారికి దాదాపు కనిపించదు. ప్రతి పెద్ద తరగతిలోనూ అలాంటి పిల్లవాడు ఒకడైనా ఉండవచ్చు, తనకు చుక్క కనిపించడం లేదని అతడు లేచి చెప్పడు.

ఆకుపచ్చలో రెండు దారులున్నాయి, అవి పనిచేసే తీరులో ఏమాత్రం పోలిక లేనివి. పాత దారి 532 నానోమీటర్లది. అందులో ఆకుపచ్చ వెలుగునిచ్చే డయోడ్ ఉండదు. 808 నానోమీటర్ల పరారుణ డయోడ్ ఒక నియోడిమియం స్ఫటికాన్ని ప్రేరేపిస్తే అది 1064 నానోమీటర్ల పరారుణ కాంతిని ఇస్తుంది, కేటీపీ అనే మరో స్ఫటికం దానిని సగం తరంగదైర్ఘ్యానికి, అంటే 532కు మారుస్తుంది. ఈ గొలుసులో మిగిలిపోయిన పరారుణ కాంతిని ఆపడానికి చివర ఒక ఫిల్టర్ ఉండాలి. చవక పాయింటర్లలో కొన్నిసార్లు ఆ ఫిల్టరే ఉండదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2010లో ప్రచురించిన పరిశీలనలో, 10 మిల్లీవాట్లని అమ్మిన ఒక ఆకుపచ్చ పాయింటర్ నుంచి దాదాపు 20 మిల్లీవాట్ల పరారుణ కాంతి వెలువడుతున్నట్లు తేలింది. కంటికి కనిపించని ఆ కాంతికి రెప్ప కొట్టుకోదు, కాబట్టి ప్రమాదం మనకు తెలియకుండానే జరిగిపోతుంది. దీనికి తోడు ఉష్ణోగ్రత మారినప్పుడల్లా 808 డయోడ్ తరంగదైర్ఘ్యం డిగ్రీకి సుమారు 0.3 నానోమీటర్ల చొప్పున జరుగుతుంది, స్ఫటికం పీల్చుకునే పరిధి ఇరుకైనది కాబట్టి వెలుగు పడిపోతుంది. లంబసింగిలోనో అరకులోనో డిసెంబరు రాత్రి నక్షత్రాలు చూపించబోతే ఇలాంటి పాయింటర్ మినుకుమినుకుమనడానికి కారణం ఇదే, జేబులో వెచ్చబెట్టుకుంటే మళ్లీ కాసేపు పనిచేస్తుంది. స్ఫటికాల అమరికలో వెంట్రుకవాసి తేడా వచ్చినా వెలుగు రాదు. ఇంట్లో తయారు చేసుకునే వారికి ఈ దారిని నేను సిఫారసు చేయను.

రెండో దారి 520 నానోమీటర్ల డయోడ్. ఇది నేరుగా ఆకుపచ్చ వెలుగునిస్తుంది. మధ్యలో స్ఫటికాలు లేవు, పరారుణ కాంతి లీకయ్యే సమస్యే లేదు, చలికి వెలుగు అంతగా పడిపోదు. ఇలాంటి డయోడ్లు 2009 ప్రాంతంలో ప్రయోగశాలల్లో సాధ్యమై, ఆ తరువాత కొన్నేళ్లకు బజారుకు వచ్చాయి. పగటి సున్నితత్వంలో 532 కంటే కొంచెం వెనుకబడినా, చీకటికి అలవాటుపడిన కన్ను 507 నానోమీటర్ల దగ్గర అత్యంత చురుకుగా ఉంటుంది కనుక, రాత్రి ఆకాశంలోకి సాగే సన్నని పుంజాన్ని చూడటంలో 520దే పైచేయి. పొట్టి తరంగాలను గాలి ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టి 650 ఎరుపుతో పోలిస్తే 520 పుంజం నుంచి కంటికి చేరే చెదిరిన కాంతి కూడా దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ. లోపాలు లేకపోలేదు. ధర ఎరుపు డయోడ్ కంటే చాలా ఎక్కువ, నడపడానికి కావలసిన వోల్టేజి కూడా ఎక్కువ, పైగా దొరికే డయోడ్లలో చాలా వరకు 10 మిల్లీవాట్లకు తక్కువ కానివే. 10 మిల్లీవాట్ల రకాన్నే తీసుకుని, వెలుగును పదో వంతుకు తగ్గించే న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్‌ను తీయడానికి వీలు లేకుండా ముందు బిగిస్తే 1 మిల్లీవాట్ పాయింటర్ తయారవుతుంది. డయోడ్‌ను దాని కనీస కరెంటు అంచున నడిపి వెలుగు తగ్గించడం కంటే ఇదే నమ్మదగిన పద్ధతి, ఎందుకంటే ఆ అంచున కొద్దిపాటి వేడి మార్పుకే వెలుగు అటూ ఇటూ ఊగుతుంది.

405, 450 నానోమీటర్ల డయోడ్లను పాయింటర్‌కు వాడకూడదన్నదే నా స్పష్టమైన సలహా. 405 కాంతి కంటికి మసకగా కనిపించడం వల్ల శక్తి తక్కువేమోనన్న భ్రమ కలుగుతుంది, రెప్ప వెంటనే మూసుకోదు, కానీ రెటీనా మీద పడే శక్తి మాత్రం తగ్గదు. తెల్ల కాగితం మీద ఆ చుక్క నీలంగా మెరవడానికి కారణం కాగితంలో కలిపే తెల్లదనపు రసాయనాలు ఆ కాంతిని పీల్చుకుని వేరే రంగులో వెలగడమే, కాబట్టి ఆ మెరుపును చూసి శక్తిని అంచనా వేయలేము. 450 నీలం డయోడ్లలో బజారులో విరివిగా కనిపించేవి వాట్ స్థాయివి. కొయ్యను కాల్చే యంత్రాలలో, మూసి ఉన్న పెట్టెలో ఉండవలసిన వస్తువు చేతిలోకి రాకూడదు.

ఇంకొక మాట. మీరు పాఠం చెప్పే గదిలో ప్రొజెక్టర్ బదులు పెద్ద ఎల్‌ఈడీ తెర ఉంటే ఏ రంగు లేజరూ సరిగా పనిచేయదు. ఆ తెర కాంతిని వెనక్కి చెదరగొట్టేందుకు తయారైనది కాదు, చుక్క అందులో కలిసిపోతుంది. అక్కడ కంప్యూటర్‌లోని తెరమీది పాయింటరే మేలు.

విడి డయోడా, మాడ్యూలా, పాత డీవీడీ డ్రైవ్‌లోదా?

తయారైన మాడ్యూల్‌లో డయోడ్, దానికి వెళ్లే కరెంటును అదుపు చేసే వలయమైన డ్రైవర్, లెన్స్ ఒకే గొట్టంలో కూర్చి ఉంటాయి. నేర్చుకునే వారికీ, పిల్లల సైన్స్ ప్రదర్శనకు కాంతి ప్రయోగం సిద్ధం చేసేవారికీ ఇది చాలు. విడి డయోడ్ తీసుకుంటే లెన్స్‌నూ లోహపు గొట్టాన్నీ మన ఇష్టప్రకారం ఎంచుకునే స్వేచ్ఛ వస్తుంది. 5.6 మిల్లీమీటర్ల తొడుగు ఉన్న డయోడ్‌ను ఎంచుకోవడం సుఖం, ఎందుకంటే 12 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఇత్తడి గొట్టాలు, వాటికి సరిపడే 9 మిల్లీమీటర్ల మరలున్న లెన్స్‌లు ఎక్కువగా ఆ కొలతకే వస్తాయి. డయోడ్ చాలా సున్నితమైనది. చేతి నుంచి వచ్చే స్థిరవిద్యుత్తు దానిని కంటికి కనిపించకుండా చంపేస్తుంది, చచ్చిన డయోడ్ మామూలు ఎల్‌ఈడీలా మసకగా వెలుగుతూ ఉంటుంది తప్ప లేజర్ పుంజాన్ని ఇవ్వదు. స్థిరవిద్యుత్తును భూమికి పంపే మణికట్టు పట్టీ కట్టుకుని, టంకపు మొనను భూమికి కలిపి పనిచేయాలి.

పాత డీవీడీ రైటర్‌ను విప్పి అందులోని ఎరుపు డయోడ్‌ను వాడుకోవచ్చన్న సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. దానిని పాటించవద్దు. డిస్క్‌పై రాయడానికి తయారైన ఆ డయోడ్ వంద మిల్లీవాట్లకు పైగా ఇవ్వగలదు, అంటే అది 3బీ తరగతికి చెందినది. కరెంటు తగ్గించి 5 మిల్లీవాట్లకు నడపవచ్చుగదా అని కొందరు వాదిస్తారు. డ్రైవర్‌లో ఒక్క నిరోధకం ఊడినా, షార్ట్ అయినా అదే పాయింటర్ క్షణంలో ప్రమాదకరమవుతుంది. పైగా అదే డ్రైవ్‌లో సీడీల కోసం 780 నానోమీటర్ల పరారుణ డయోడ్ కూడా ఉంటుంది, తెలియనివారు దానిని వెలిగించి "వెలగడం లేదే" అని కళ్ల దగ్గర పెట్టుకుని చూసే ప్రమాదం ఉంది. తక్కువ రేటింగ్ డయోడ్ కరెంటు హద్దు దాటితే ఎక్కువసేపు బతకదు, అది చెడిపోవడమే మనకు ఒక రక్షణ.

డ్రైవర్ విషయంలో పెద్ద చర్చ అక్కరలేదు. బ్యాటరీని నేరుగా డయోడ్‌కు కలపకూడదు, స్థిర కరెంటు ఇచ్చే వలయం ఉండాలి. బల్ల మీద పరీక్షలకు ఎల్‌ఎం317 అనే నియంత్రక చిప్ చాలు. 1.25 వోల్టులను నిరోధకం విలువతో భాగిస్తే కరెంటు వస్తుంది, 47 ఓమ్‌లు పెడితే సుమారు 27 మిల్లీఆంపియర్లు. అయితే ఈ చిప్ దాదాపు 3 వోల్టులను తనకే ఉంచుకుంటుంది, అందుచేత 2.3 వోల్టుల ఎరుపు డయోడ్‌కు కూడా రెండు లిథియం సెల్లు కావాలి. జేబులో పట్టే పాయింటర్‌కు తక్కువ వోల్టేజితో పనిచేసే చిన్న డ్రైవర్ బోర్డే నయం. డ్రైవర్ కెపాసిటర్‌ను ఖాళీ చేయకుండా డయోడ్‌ను తగిలించకండి, అందులో మిగిలిన చార్జ్ ఒక్కసారిగా పారి డయోడ్‌ను కాల్చేస్తుంది. స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపే వెలిగే రకం అయి ఉండాలి.

లెన్స్: గాజా, ప్లాస్టిక్కా, ఎంత నాభ్యంతరం?

డయోడ్ నుంచి వెలుగు సన్నని గీతలా రాదు, అది ఒక దిశలో వెడల్పుగా, దానికి లంబంగా ఇరుకుగా విచ్చుకుంటుంది. వెడల్పు దిశలో 28 డిగ్రీలు, ఇరుకు దిశలో 9 డిగ్రీలు విచ్చుకునే ఎరుపు డయోడ్‌ను తీసుకుందాం. దాని ముందు 4 మిల్లీమీటర్ల నాభ్యంతరం (లెన్స్ నుంచి దాని నాభికి ఉన్న దూరం) గల లెన్స్ పెడితే బయటికి వచ్చే పుంజం సుమారు 2 మిల్లీమీటర్ల పొడవు, 0.6 మిల్లీమీటర్ల వెడల్పు గల దీర్ఘవృత్తంగా ఉంటుంది. సన్నగా బయలుదేరిన పుంజం త్వరగా వ్యాపిస్తుంది, లావుగా బయలుదేరినది నెమ్మదిగా వ్యాపిస్తుంది, కాంతి స్వభావమే అంత. అందువల్ల కొన్ని మీటర్ల దూరం వెళ్లేసరికి ఆ దీర్ఘవృత్తం అడ్డం తిరుగుతుంది, దగ్గర ఇరుకుగా ఉన్న దిశ దూరాన వెడల్పవుతుంది. కొత్తగా చేసినవారు దీనిని లెన్స్ లోపమనుకుని మార్చేస్తుంటారు. అది లోపం కాదు.

నాభ్యంతరాన్ని 8 మిల్లీమీటర్లకు పెంచితే పుంజం బయలుదేరేటప్పుడు రెట్టింపు లావుగా ఉంటుంది, దూరాన విచ్చుకోవడం సగానికి తగ్గుతుంది. తరగతి గదిలో ఏడెనిమిది మీటర్ల లోపు వాడేవారికి 4 మిల్లీమీటర్ల లెన్స్ పూర్తిగా సరిపోతుంది, పొడవైన నాభ్యంతరానికి వెళితే చుక్క దగ్గరలో పెద్దదై గీతలను, అక్షరాలను కప్పేస్తుంది. పెద్ద ఆడిటోరియంలోనో, ఆరుబయట గురి చూడటానికో వాడేవారు 8 మిల్లీమీటర్ల వైపు మొగ్గవచ్చు. పుంజం లావైతే కంటికి ప్రమాదం తగ్గుతుందనుకోవడం మాత్రం సరికాదు, చీకటిలో కనుపాప దాదాపు 7 మిల్లీమీటర్ల వరకు తెరుచుకుని మొత్తం పుంజాన్నీ లోపలికి తీసుకుంటుంది.

ఇక పదార్థం. మాడ్యూళ్లతో వచ్చే యాక్రిలిక్ లెన్స్ 5 మిల్లీవాట్ల ఎరుపుకు పనికొస్తుంది, కానీ గీతలు పడుతుంది, వేసవి వేడికి దాని నాభి కొద్దిగా జరుగుతుంది. పూత పూసిన ఏకగాజు ఆస్ఫెరిక్ (గోళాకారం కాని వంపు గల) లెన్స్ ఎక్కువ కోణం నుంచి వచ్చే కాంతిని పోగుచేస్తుంది, నష్టం తక్కువ. మూడు గాజులు కలిపిన లెన్స్‌లో చుక్క శుభ్రంగా ఉంటుంది, చుట్టూ మసక వలయాలు తక్కువ, కానీ అంచుల్లోని కాంతి కొంత లోపలే ఆగిపోతుంది. శక్తికి పరుగుపెట్టేవారు ఏకగాజు లెన్స్‌ను పొగడటం సహజం. మనం 5 మిల్లీవాట్ల లోపే ఉండాలని ముందే నిర్ణయించుకున్నాం కనుక ఆ నష్టం మనకు నష్టమే కాదు, శుభ్రమైన చుక్క ముఖ్యం. ఈ పనికి నేను మూడు గాజుల లెన్స్‌నే ఎంచుకుంటాను. పూత మీ రంగుకు తగినదో కాదో అడిగి తీసుకోండి. లెన్స్‌ను ఫెవిక్విక్ వంటి తక్షణ జిగురుతో అతికించకండి, దాని ఆవిరి గాజు మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది.

హీట్ సింక్: ఎంత కావాలో లెక్క వేసి చూడండి

ఇక్కడ అనవసరంగా డబ్బు పోసేవారే ఎక్కువ. 30 మిల్లీఆంపియర్లు, 2.3 వోల్టులు తీసుకునే ఎరుపు డయోడ్ మొత్తం విద్యుత్తు 0.07 వాట్లు. దానికి 12 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టమే చాలు, రెక్కలు, ఫ్యాన్లు అక్కరలేదు. 520 ఆకుపచ్చ డయోడ్ దీనికి కొన్ని రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది, అయినా అర వాట్‌కు లోపే కనుక ఇత్తడి గొట్టాన్ని అల్యూమినియం టార్చి తొడుగులో బిగుతుగా దింపితే సరిపోతుంది. రాగి ఉష్ణవాహకత మీటర్‌కు డిగ్రీకి సుమారు 400 వాట్లు, అల్యూమినియానిది సుమారు 200, ఇత్తడిది 110 నుంచి 120. ఈ అంకెలు చూసి రాగే గొప్పదని కొనడం సులభం, కానీ మన స్థాయిలో లోహం కంటే అతుకు ముఖ్యం. గొట్టానికీ తొడుగుకూ మధ్య వెంట్రుకంత గాలి మిగిలినా, గాలి ఉష్ణవాహకత 0.03 కంటే తక్కువ కాబట్టి, రాగి గొప్పతనమంతా అక్కడే ఆగిపోతుంది. బిగుతుగా కూర్చున్న ఇత్తడి, వదులుగా కూర్చున్న రాగి కంటే మంచిది. సందు ఉంటే పలచని అల్యూమినియం రేకు చుట్టి, కొద్దిగా థర్మల్ పేస్ట్ రాసి నింపాలి, ఆ పేస్ట్ డయోడ్ గాజు కిటికీకి అంటకుండా చూసుకోవాలి. కొన్ని డయోడ్లలో లోహపు తొడుగే ఒక ధ్రువానికి కలిసి ఉంటుంది కనుక, దానిని బ్యాటరీ గొట్టానికి తాకించే ముందు మల్టీమీటర్‌తో చూడటం తప్పనిసరి.

తెలుగు నేల వేసవిని లెక్కలోకి తీసుకోకుండా ఈ విషయాన్ని ముగించలేము. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం నీడలోనే 45 డిగ్రీలకు చేరుతుంది, ఆగి ఉన్న కారులో అంతకంటే చాలా ఎక్కువ. చాలా ఎరుపు డయోడ్లకు తయారీదారులు ఇచ్చే పని ఉష్ణోగ్రత హద్దు అక్కడికి దగ్గరలోనే ఉంటుంది. స్థిర కరెంటు డ్రైవర్ ఉంటే వేడికి వెలుగు తగ్గుతుంది, అంతే. డయోడ్ లోపల వెలుగును పసిగట్టే చిన్న ఫోటోడయోడ్‌ను చూసి వెలుగును స్థిరంగా ఉంచే రకం డ్రైవర్ అయితే తగ్గిన వెలుగును పూడ్చడానికి కరెంటు పెంచుతుంది, దానివల్ల వేడి ఇంకా పెరుగుతుంది, చివరికి డయోడ్ చెడుతుంది. ఎండలో వాడేవారికి మొదటి రకమే క్షేమం.

ఆకాశంలోకి చూపించే ముందు

నక్షత్రాలు చూపించేవారికి 5 మిల్లీవాట్లలోపు ఆకుపచ్చ సరిపోతుంది. అయితే 1 మిల్లీరేడియన్, అంటే కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున, విచ్చుకునే 5 మిల్లీవాట్ల 532 నానోమీటర్ల పుంజం సుమారు 16 మీటర్ల వరకు కంటికి హాని చేయగలదు, సుమారు మూడున్నర కిలోమీటర్ల వరకు పైలట్ దృష్టిని మళ్లించగలదు. 520 కూడా దీనికి ఏమంత తీసిపోదు. శంషాబాద్, గన్నవరం వంటి విమానాశ్రయాల దిగుబాటు దారుల కింద ఉండేవారు దీనిని ఆరుబయట వాడకపోవడమే సరి, మిగిలినచోట్ల కూడా విమానం ఎర్ర దీపం కనబడగానే బొటనవేలు తీసేయాలి. విమానం వైపు లేజర్ వేయడం నేరం.

తయారైన పాయింటర్ శక్తిని కంటితో అంచనా వేయకండి. దగ్గరలోని కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పవర్ మీటర్ ఉంటే అదే ఉత్తమం. లేకపోతే సిలికాన్ ఫోటోడయోడ్‌ను వెనుక వోల్టేజితో (ప్లస్, మైనస్‌లను తలకిందులుగా కలిపి) కట్టి, పుంజమంతా దాని మీద పడేలా పెట్టి కరెంటు కొలవవచ్చు. 650 నానోమీటర్ల వద్ద అది వాట్‌కు సుమారు 0.4 ఆంపియర్లు ఇస్తుంది, కాబట్టి 5 మిల్లీవాట్లకు దాదాపు 2 మిల్లీఆంపియర్లు, 1 మిల్లీవాట్‌కు 0.4 మిల్లీఆంపియర్లు చూపాలి. 520 వద్ద అదే శక్తికి అంకె ఇంకా తక్కువగా వస్తుంది, 0.3 దరిదాపుల్లో లెక్క వేసుకోండి. చల్లగా ఉన్నప్పుడు వెలిగించిన మొదటి క్షణంలోనే కొలత తీసుకోవాలి, ఎందుకంటే వెలుగు అప్పుడే గరిష్ఠంగా ఉంటుంది. హద్దు దాటినట్లు తేలితే నిరోధకం విలువ పెంచండి లేదా ఫిల్టర్ బిగించండి, ఆ తరువాత మళ్లీ కొలిచి, తరంగదైర్ఘ్యాన్నీ కొలిచిన శక్తినీ రాసిన చీటీని గొట్టానికి అతికించండి.